క్లామత్ నదీముఖంలోని రెక్‌వోయ్: 1892తో రిజర్వేషన్ పోయినట్టేనా?

ప్రశ్న: కాలిఫోర్నియా ఉత్తర తీరంలో క్లామత్ నది సముద్రంలో కలిసే చోటున్న యురోక్ ఆదివాసీ తెగ గ్రామం రెక్‌వోయ్ మీద వ్యాసం రాస్తున్నాను. 1892 చట్టంతో అక్కడి రిజర్వేషన్ (ఆదివాసీలకు కేటాయించిన నేల) రద్దయిందని రాయొచ్చా? పాత ఇళ్లు ఎలా కట్టేవారు?

జవాబు 1: అలా రాయకండి, అది తప్పు. 1855లో నదీముఖం నుంచి ఎగువకు సుమారు 20 మైళ్లు, రెండు ఒడ్డుల మీదా మైలు చొప్పున రిజర్వేషన్ కేటాయించారు. 1892 చట్టం ఆ నేలను బయటివాళ్ల స్థిరనివాసానికి తెరిచింది, అంతే. భూమి చేతులు మారడం వేరు, రిజర్వేషన్ హద్దు చెరిగిపోవడం వేరు. 1969లో అధికారులు ఒక యురోక్ జాలరి వలలు పట్టుకెళ్లారు. ఆ గొడవే, అది ఇంకా రిజర్వేషనేనా అన్న ప్రశ్నతో, మాట్జ్ వర్సెస్ ఆర్నెట్ కేసయింది. హద్దు చెరగలేదని 1973లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాసానికి ఈ తీర్పే వెన్నెముక కావాలి.

జవాబు 2: ఇళ్లు రెడ్‌వుడ్ పలకలవి. దుంగలో ఎల్క్ (పెద్ద జింక) కొమ్ము మేకులు దిగ్గొట్టి, నార వెంట చీల్చేవారు. అందుకే రంపం అక్కర్లేదు. ప్రవేశం చిన్న గుండ్రటి రంధ్రం. లోపల నేల తవ్విన గుంటలో పొయ్యి. బొమ్మల్లో గుడారాలు మాత్రం పెట్టకండి, అవి మైదాన తెగలవి.

జవాబు 3: నది సంగతి వదిలేస్తే చరిత్ర సగమే. 2002 సెప్టెంబరులో నీటిమట్టం తగ్గి, నీళ్లు వేడెక్కి, కిక్కిరిసిన చేపల మొప్పలకు రోగం సోకింది. 30 వేలకు పైగా చచ్చాయి, ఎక్కువ సాల్మన్లే. ఎగువనున్న నాలుగు ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తయింది.