పేపర్లో ‘తెలిసింది’, నోట్లో ‘ట’

బొబ్బిలి నుంచి ప్రశ్న:
“టికెట్ ఫలానా నాయకుడికే ఖరారైనట్టు తెలిసింది.” ఎన్నికలొస్తే జిల్లా పేజీల్లో ఈ వాక్యం లేని రోజుండదు. ఇంతకీ ఎవరికి తెలిసింది? ఎవరు చెప్తే తెలిసింది?

శ్రీకాకుళం నుంచి:
వ్యాకరణానికి చిక్కేం లేదు. తెలిసిన సంగతే కర్త. ఎగిరిపోయింది ‘నాకు’ అన్న మాట. మన మాటల్లో వినికిడికి ‘ట’ ఉంది. ‘టికెట్ ఆయనకేనట’ అంటే నేను చూడలేదు, విన్నాను అని ఒప్పుకోవడం. సంతలో కూరగాయలమ్మే ఆవిడ కూడా ‘అంట’ తగిలించకుండా ఇలాంటి కబురు చెప్పదు. పేపరు భాషకి అది చులకనగా తోచింది కాబోలు, దాని చోట తెలిసింది, తెలుస్తోంది, సమాచారం, భోగట్టా వచ్చి కూర్చున్నాయి. చదివితే గట్టిగా వినిపిస్తాయి, పూచీ మాత్రం ఎవరిదీ కాదు.

1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చింది. ఊరి రాజకీయానికి రోజూ చోటు దొరికింది. మంచిదే. కానీ ఆ పేజీ రోజూ నిండాలి కదా! నేను డెస్కులో ఉన్నప్పుడు చూసిన తంతు ఇది: ఆశావహుడి మనిషే విలేకరికి ఉప్పందిస్తాడు. పొద్దున్నే ‘తెలిసింది’ అని అచ్చవుతుంది. సాయంత్రానికి ఆ కటింగు పట్టుకుని ఆశావహుడు పెద్దల దగ్గరికి వెళ్తాడు, “నా పేరే వినిపిస్తోందండీ, పేపర్లో కూడా వేశారు” అంటూ. తన మాటకి తనే సాక్షి!

విజయనగరం నుంచి:
ఇప్పుడు ఆ ‘తెలిసింది’ కూడా మిగల్లేదు మాస్టారూ. టీవీ స్క్రోలింగులో ‘టికెట్ ఖరారు?’ అని ఒక్క ప్రశ్నార్థకం. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో అదీ పోయి ‘సంచలనం’. మా వాట్సాప్ గ్రూపుకొచ్చేసరికి ‘ఫిక్స్’. అవతలి వర్గం వాళ్లకి అప్పుడే టెన్షన్.

పలాస నుంచి:
అయితే పేపర్లో ‘ముఖ్యమంత్రి వస్తారట’ అని రాయమంటారా? నవ్వుతారు.

శ్రీకాకుళం నుంచి:
‘ట’ అక్కర్లేదండీ. ‘ఆశావహుడి వర్గీయుడొకరు చెప్పారు’ అని రాస్తే సరి, పేరు వెయ్యకపోయినా పర్లేదు. ఏ వర్గం వాడో తెలిస్తే చదివేవాళ్లే లెక్క చూసుకుంటారు. కాకపోతే అలా వేసిన మర్నాటి నుంచి ఆ వర్గీయుడు విలేకరి ఫోనెత్తడు. ఆ భయం ఉత్తదేం కాదు.