క్యాన్ నీళ్లను మళ్లీ కాచాలా?

మునుగోడు ఇల్లాలు:
ఫ్లోరైడుకు భయపడి మా ఇంట్లో ఏళ్ల తరబడి 20 లీటర్ల క్యాన్ నీళ్లే తాగుతున్నాము. ఈ వానాకాలంలో పిల్లలిద్దరికీ రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ నీళ్లను కూడా కాచాలని మా అత్తమ్మ అంటున్నారు. శుద్ధి చేసిన నీళ్లను కాచడం గ్యాసు దండగని మా ఆయన అంటున్నారు. ఎవరి మాట సరైనది?

పాలమూరు పంతులు:
మీ ఆయన మాటే సబబుగా ఉన్నది. ఆర్వో పొర ఫ్లోరైడునే కాదు, క్రిములను కూడా ఆపుతుంది. బయట తిన్న పానీపూరీని అనుమానించండి.

నల్లగొండ ల్యాబ్ మనిషి:
పంతులు గారూ, పొర సంగతి నిజమే కానీ మీరు ప్లాంటు గడప దగ్గరే ఆగిపోయారు. భగీరథ నల్లా నీటిలో కొంత క్లోరిన్ మిగిలి ఉండి, దారిలో చేరే క్రిములను అణచివేస్తుంది (ఆ వాసన పడకనే మనలో సగం మంది క్యాన్ కొంటున్నారు). ఆర్వో నీటికి మామూలుగా ఆ కాపలా ఉండదు. కాబట్టి క్యాన్ లోపల సరిగా కడగకుండా నింపినా, బిందెలోకి వంపుకొని చెంబు ముంచేటప్పుడు వేళ్లు తగిలినా, చేరిన క్రిములను ఆపేది ఏదీ లేదు. ప్లాంటు దగ్గర పట్టిన నీటితో మామూలుగానే ఉన్న పరీక్ష సీసా (మలం నుంచి వచ్చే క్రిములు ఉంటే నల్లబడేది), అదే నీళ్లు పోసుకున్న ఇంటి బిందె నీటితో మరునాటికి నల్లబడటం నేను చూశాను.

అమ్మా, మీ అత్తమ్మ చెప్పినట్లు మరుగు పట్టాక ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. అయితే కాచిన నీళ్లను అదే బిందెలో పోసి అదే చేత్తో ముంచితే మళ్లీ మొదటికే వస్తుంది. ఇంట్లో వాదన అంతా నీళ్ల మీదనే నడుస్తున్నది, చేతిని ఎవరూ చూడటం లేదు. దొడ్డికి వెళ్లి వచ్చాక, పిల్లల ముడ్డి కడిగాక, వంటకు ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగడం మొదలుపెట్టి, ఆ తరువాత గ్యాసు లెక్క చూసుకోండి.

దేవరకొండ బోరు:
అలాంటప్పుడు క్యాన్ మాని బోరు నీళ్లనే కాచి తాగితే పోలేదా?

నల్లగొండ ల్యాబ్ మనిషి:
వద్దు. కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఎంత మరిగించినా ఎముకలకు చేటే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. ఆ పని పొయ్యి మీద కాదు.

పాలమూరు పంతులు:
చేతుల సంగతి ఒప్పుకుంటాను. పానీపూరీ మీద నా అనుమానం మాత్రం పోలేదు.

నల్లగొండ ల్యాబ్ మనిషి:
పోనక్కరలేదు. అక్కడ కూడా ఆయన చెయ్యి కుండలోనే ఉంటుంది.

మునుగోడు ఇల్లాలు:
నల్లా ఉన్న స్టీలు డబ్బా కొందామనుకుంటున్నాము. అత్తమ్మ మాత్రం తన రాగి చెంబును వదలనంటున్నారు. దానికి పొడుగు పిడి అతికించవచ్చేమో కంచరి ఆయనను అడగాలి.