కాథెటర్ ఫ్యాక్టరీలు కోస్టారికాకు పోవడానికి పన్నే కారణమా?

గోదారిగట్టు: న్యూయార్క్ రాష్ట్రంలో గ్లెన్స్ ఫాల్స్ చుట్టుపక్కల ఊళ్లకు కాథెటర్ వ్యాలీ అని పేరు, ఒంట్లోకి పెట్టే ఈ సన్నటి వైద్య గొట్టాలు అక్కడ తయారవుతాయి కాబట్టి. అక్కడి ఆంజియోడైనమిక్స్ కంపెనీ 2024 జనవరిలో తయారీ అంతా బయటి కంపెనీలకు ఇచ్చేస్తామంది. ఇలా పనులు కోస్టారికా లాంటి చోట్లకు పోవడమంతా ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టంలో పెట్టిన 2.3 శాతం వైద్య పరికరాల పన్ను పుణ్యమే.

నల్లమల: ఆ పన్ను 2019 డిసెంబర్‌లోనే రద్దయింది. పైగా అది అమెరికాలో అమ్మే సరుకు మీద. కోస్టారికాలో చేసి తెచ్చినా కట్టాల్సిందే.

గోదారిగట్టు: అది లాభం మీద కాదండీ, అమ్మకం మీద. నష్టాల్లో ఉన్నవాడూ కట్టాడు. 2013లో మొదలైంది, బయటి దేశాల రుచి అప్పుడే మరిగారు.

ఉప్మాపెసరట్టు: అక్కడ జీతాలు తక్కువ, ఫ్రీజోన్ అనే ఎగుమతి ఫ్యాక్టరీల ప్రాంతాల్లో పన్ను మినహాయింపులు. ఇంత చర్చ ఎందుకు?

నుదుటిగీత: నాది వేరే రాష్ట్రం, వేరే కంపెనీ. 9 ఏళ్లు క్లీన్‌రూమ్‌లో, అంటే దుమ్ము లేని గదిలో, కాథెటర్ కొనలు అతికించాను. మైక్రోస్కోప్ కింద వెంట్రుకంత బుడగ కనిపించినా పక్కన పడేయాలి. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా తల నెట్ గీత నుదుటి మీద ఉండేది. చివరి మూడు నెలలు కోస్టారికా నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలకు పని నేర్పాను. నేర్పితేనే సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు, అన్నారు. పిల్లలు మంచివాళ్లే, ప్రతిదీ నోట్సు రాసుకున్నారు. పన్ను మాట మాకెవరూ చెప్పలేదు.

గోదారిగట్టు: అక్కా, బాధ అర్థమైంది. కానీ ఒక్క కంపెనీని చూసి చెప్పలేం.

నల్లమల: పోయిన నెల మీరే రాశారు, లైన్ ట్రాన్స్‌ఫర్లకు వాలిడేషన్ చేస్తానని, అంటే వేరే చోటికి తరలించిన తయారీ సరిగ్గా నడుస్తుందని పరీక్షించి తేల్చే పని. తప్పంతా పన్ను మీదికి తోస్తే మీ చేతులకు అంటదనా?

గోదారిగట్టు: మాటలు జాగ్రత్త. నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు. హైదరాబాద్‌లో మీ సీటు ఎవడిది? అమెరికాలో ఒకడిని పంపించేస్తేనే కదా మీకొచ్చింది!

నల్లమల: అవును, అలాగే వచ్చింది. పని అప్పగించినాయన రెండు వారాల్లో ఒక్కసారి కూడా కెమెరా ఆన్ చేయలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందే. కానీ పన్ను వల్ల అని చెప్పుకుని నిద్రపోను.

ఉప్మాపెసరట్టు: ఇదీ అసలు గొడవ.

నుదుటిగీత: మీ ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఇలా పని పోయినవాళ్లకు చదువుకోవడానికి ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అనే అమెరికా ప్రభుత్వ సాయం ఉండేది. 2022 జూలై నుంచి కొత్తవాళ్లకు మంజూరు ఆగిపోయింది. అది మళ్లీ తెరవమని ఎవరైనా రాస్తే చెప్పండి, సంతకం పెడతాను.

గోదారిగట్టు: నేనూ పెడతానక్కా. పన్ను విషయం మాత్రం ఒప్పుకోను.