వీరేశలింగం స్వీయచరిత్ర ప్రాథమిక ఆధారమా, ద్వితీయమా?

ఎం.ఏ. హిస్టరీ ప్రాజెక్టు చేస్తున్నాను. అంశం: 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం. ఆధారాలను ప్రాథమికం (ఆ ఘటనకు నేరుగా సంబంధించినవి), ద్వితీయం (వాటిని చూసి తర్వాతివాళ్లు రాసినవి) అని విడగొట్టి ఇమ్మన్నారు మా గైడ్. అక్కడే చిక్కొచ్చి పడింది.

వీరేశలింగం నడిపిన ‘వివేకవర్ధని’ పత్రిక ఆనాటి సంచికలు ప్రాథమికం, ఈమధ్య పరిశోధకులు రాసినవి ద్వితీయం. ఇంతవరకు గొడవ లేదు. మరి ఆయన ‘స్వీయచరిత్రము’ సంగతేమిటి? రాసింది ఆ పెళ్లి జరిపించిన మనిషే. కానీ దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, పేరు ప్రతిష్ఠలు వచ్చాక రాశారు. అప్పటి టెన్షన్, ఊళ్లో వ్యతిరేకత ఈలోపు జ్ఞాపకంలో ఎంత మారి ఉంటాయో! నా మటుకు అది ప్రాథమికమే. కాకపోతే 1881లో ఏం జరిగిందనే దానికన్నా, ఆయన దాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారనే దానికి గట్టి సాక్ష్యం. మా క్లాసులో కొందరు మాత్రం పుస్తకంగా అచ్చయితే ద్వితీయమే అంటున్నారు (ఆ లెక్కన పత్రిక కూడా అచ్చయిందే కదా).

ఇంకోటి. ఒక పరిశోధన గ్రంథంలో ఆనాటి ఉత్తరం ఒకటి పూర్తిగా ఇచ్చారు. అసలు ఉత్తరం నాకు దొరకలేదు. ఫుట్‌నోట్‌లో ఉత్తరాన్ని చూపాలా, గ్రంథాన్నా, రెండూనా? సబ్మిషన్ దగ్గరపడింది. థీసిస్ చేసినవాళ్లు, చరిత్ర చెప్పే మాస్టార్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.