రొయ్యల పెంకుల ఫిల్మ్: మట్టిలో బరువు తగ్గితే బయోడిగ్రేడబుల్ అని రాయొచ్చా?

కావలి విద్యార్థిని:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి రొయ్యల పెంకుల నుంచి తీసిన కైటోసాన్ అనే సహజ పాలిమర్‌తో ప్లాస్టిక్ లాంటి పల్చటి ఫిల్మ్ చేస్తున్నాను. మా వైపు చెరువులే కాబట్టి పెంకులకు కొదవ లేదు. 1 శాతం అసిటిక్ యాసిడ్‌లో 2 శాతం కైటోసాన్ కరిగించి, మెత్తదనానికి గ్లిజరాల్ కలిపి, పెట్రీ డిష్‌లో పోసి ఆరబెడుతున్నాను. లేత పసుపు రంగులో, కింద పెట్టిన పేపర్లో అక్షరాలు చదవగలిగేంత తేటగా వస్తోంది. నీళ్లలో వేస్తే మాత్రం ఉబ్బి జిగురు ముద్దవుతోంది. కుండీ మట్టిలో పాతితే వారానికే బరువు బాగా తగ్గింది. బయోడిగ్రేడబుల్, అంటే సూక్ష్మజీవులు తినేసి మట్టిలో కలిసిపోయేది అని రిపోర్టులో రాసేయొచ్చా?

ఒంగోలు ల్యాబ్:
ఇప్పుడే రాయకు తల్లీ. ముందు నీళ్ల సంగతి. ఆరిన నీ ఫిల్మ్‌లో ఉన్నది కైటోసాన్ అసిటేట్, అంటే లవణం. తడి తగిలితే ఉబ్బడం దాని గుణం. ఆ లవణం మళ్లీ మామూలు కైటోసాన్ అయ్యేలా 4 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ముంచి, పీహెచ్ 7కి వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడుగు. అంచులకు క్లిప్పులు బిగించి ఆరబెట్టు, లేకపోతే కాల్చిన అప్పడంలా వంకర్లు పోతుంది. ఈ కడగడంలో గ్లిజరాల్ చాలావరకు పోయి ఫిల్మ్ పెళుసవుతుంది.

మట్టిలోనూ జరిగేది అదే. గ్లిజరాల్ తడి మట్టిలోకి దిగిపోతుంది, బరువు తగ్గుతుంది. అందులో సూక్ష్మజీవులు తిన్నదెంతో ఆ అంకె చెప్పదు. ఆటోక్లేవ్ చేసిన, అంటే ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపేసిన మట్టిలో ఒక ముక్క, మామూలు మట్టిలో ఒక ముక్క పెట్టు. రెండింటి తేడాయే నీకు కావాల్సింది. అసలు రుజువు మాత్రం వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ని కొలవడమే, కంపోస్టులో ప్లాస్టిక్‌ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14855 చేసేది అదే. రేపు మిరప రైతు బయోడిగ్రేడబుల్ అన్న మాట నమ్మి, మొక్కల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీట్‌ని చేలోనే దున్నేస్తాడు. అందుకే నాకు ఇంత పట్టింపు.

నెల్లూరు పాలిమర్:
ఫిల్మ్ ఎంత లాగితే తెగుతుందో చూసే తన్యత టెస్టు కూడా చేస్తే, దానికి ముందు ముక్కల్ని మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పెట్టిన డెసికేటర్‌లో (గాలి చొరబడని గాజు పాత్రలో) 2 రోజులు ఉంచండి. 25 డిగ్రీల దగ్గర తేమ 53 శాతం చుట్టూ నిలబడుతుంది. మన సముద్రపు గాలికి ఫిల్మ్ మెత్తబడుతుంది, వడగాలికి విరుగుతుంది. తేమ కట్టడి లేకుండా తీసిన రీడింగుల్ని ఒకదానితో ఒకటి పోల్చలేం. మందం మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల చూడండి.

కావలి విద్యార్థిని:
థాంక్యూ సార్. మట్టి మా చెరువు గట్టుది తీసుకోవచ్చా? ఉప్పు ఎక్కువ కదా.

ఒంగోలు ల్యాబ్:
తీసుకో, కానీ అదొక్కటే వద్దు. తోట మట్టి ఇంకో కుండీలో పెట్టు. ఉప్పును బట్టి సూక్ష్మజీవులు మారతాయి. రెండు కుండీల తేమ, పీహెచ్ మొదటి రోజు నుంచే రాసిపెట్టుకో.