‘కాన్వెంటు’ అంటే బడి కాదని మా అమ్మకు ఎలా చెప్పాలి? (నన్నరీకి తెలుగు మాట)

టెస్టునది ఒడ్డున:
అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండులో, సౌతాంప్టన్ దగ్గర. ఇక్కడికి దగ్గర్లోనే టెస్ట్ నది ఒడ్డున రమ్జీ అని చిన్న ఊరుంది, ఊరు చిన్నదే గానీ అందులో చర్చి మాత్రం ఊరికి నాలుగింతలు ఉన్నట్టు కనిపిస్తుంది. మొన్న వేసవిలో అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళి, "అమ్మా, ఇది ఒకప్పుడు కాన్వెంటు" అన్నాను. అమ్మ తల పైకెత్తి ఆ కప్పు వంక చూసి, "ఇంత పెద్ద కాన్వెంటా! ఎన్నో తరగతి దాకా ఉండేదే?" అంది.

నవ్వాను గానీ తప్పు అమ్మది కాదు. మన ఊళ్ళలో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి, అంతే. వీధి చివర రేకుల షెడ్డులో పెట్టినా, పేరు ముందు వేంకటేశ్వరుడు ఉన్నా, అది కాన్వెంటే. లాటిన్‌లో ఆ మాటకు కూడిక, సమావేశం అని అర్థం, కలిసి బతికే జనం అన్నమాట. మన దగ్గర సిస్టర్లు నడిపే బడుల మీదుగా వచ్చి, సిస్టర్లను వదిలేసి బడి దగ్గర స్థిరపడిపోయింది.

ఇప్పుడు అమ్మకూ, అమ్మ స్నేహితురాళ్ళకూ చదువుకోడానికి ఈ రమ్జీ గురించి నాలుగు పేజీలు తెలుగులో రాస్తున్నా. 907లో ఎడ్వర్డ్ రాజు (ఆల్ఫ్రెడ్ కొడుకు) తన కూతురి కోసం పెట్టాడని చెప్పే ఆడవాళ్ళ మఠం, 967లో ఎడ్గార్ రాజు కాలంలో బెనెడిక్ట్ నియమావళి (మఠాల్లో ఎలా బతకాలో బెనెడిక్ట్ అనే సాధువు రాసిపెట్టిన పద్ధతి) కిందకు వచ్చింది. నన్ అనే మాటకు ఏం రాయను? సన్యాసిని అని రాసి కొట్టేశాను. ఎందుకో పడటం లేదు.

గంటం పట్టినోడు:
సన్యాసినికి ఏం లోటమ్మా? అచ్చంగా సరిపోతుంది. ఇల్లూ వాకిలీ, పెళ్ళీ వదిలేసింది కదా. మరీ నచ్చకపోతే భిక్షుణి ఉండనే ఉంది, అది మన నేల మీద రెండు వేల ఏళ్ళనాటి మాట. అమరావతి స్తూపానికి రాతిపలకలు దానం చేసినవాళ్ళలో భిక్షుణులు ఉన్నారని అక్కడి ప్రాకృత శాసనాలే చెప్తాయి. ఇంట్లో పెట్టుకుని వీధిలో వెతకడం దేనికి?

టెస్టునది ఒడ్డున:
మాస్టారూ, ఎందుకు పడలేదో మీ ప్రశ్న చూశాకే నాకు తెలిసింది. మన సన్యాసి తిరిగేవాడు. పరివ్రాజకుడు అంటేనే అది. చాతుర్మాస్యంలో తప్ప ఒక ఊళ్ళో పాతుకుపోకూడదు. బెనెడిక్ట్ సరిగ్గా దీనికి తలకిందులు. ఆయన నియమావళి మొదటి అధ్యాయంలోనే, మఠం మఠం తిరుగుతూ మూడేసి నాలుగేసి రోజులు అతిథిగా గడిపేసే సాధువులను తిట్టిపోస్తాడు. 58వ అధ్యాయంలో మఠంలో చేరేవాళ్ళు పట్టే వ్రతం చెప్తాడు, అందులో మొట్టమొదటిది స్థిరత్వం, అంటే చేరిన చోటే చచ్చేదాకా ఉంటాననడం. మనకు వైరాగ్యం అంటే గడప దాటడం, వీళ్ళకు గడప దాటకపోవడం!

భిక్షుణితో ఇంకో చిక్కు. ఆ మాటలోనే భిక్ష ఉంది. రమ్జీ అమ్మలు భిక్షకు వెళ్ళినవాళ్ళు కాదు, మఠానికి భూములున్నాయి, శిస్తులున్నాయి, కౌలుదార్లున్నారు. మఠం పెద్ద అంటే ఒక రకంగా జమీందారిణి. అన్నట్టు ఆ పెద్దకు ‘మఠాధిపతి’ అనాలా, ఇంకేమన్నా ఉందా? ‘మఠాధిపత్ని’ అని ఎవరూ సలహా ఇవ్వకండి, ఆవిడను మఠాధిపతి గారి భార్యను చేసేస్తారు.

ఫిరంగిపురం పిల్ల:
అక్కా, మమ్మల్ని ఎవరూ అడగరేం? తెలుగు కతోలికులు ఈ మాట ఎప్పుడో తేల్చేసుకున్నారు. మఠకన్య. పత్రికల్లోనూ అదే రాస్తారు, కన్యస్త్రీ అని కూడా. ఇంట్లో మాత్రం అంతలేదు, "సిస్టరమ్మ వచ్చింది", "అమ్మగార్ల దగ్గరికి వెళ్ళొస్తా" అంటాం. మఠం పెద్దను మదరమ్మ అనేస్తాం. మీ అధిపత్ని గొడవే లేదు.

టెస్టునది ఒడ్డున:
మఠకన్య బాగుంది, మొదటి సగం మరీ బాగుంది. రెండో సగంతోనే కాస్త ఇబ్బంది. ఆ కాలంలో భర్త పోయినవాళ్ళు కూడా మఠాల్లో చేరేవాళ్ళు, వాళ్ళను కన్య అనలేం. ఇక రమ్జీ మఠాధిపతుల్లో ఒకామె కథ అయితే మరీ విచిత్రం. స్టీఫెన్ రాజు కూతురు మేరీ. అన్నదమ్ములంతా పోయాక ఫ్రాన్సు వైపున్న బొలోన్ సంస్థానానికి వారసురాలు ఈమే అయింది, మఠంలో ఉన్న ఆమెను 1160లో బయటికి తీసుకుపోయి ఆల్సేసు మాథ్యూ అనేవాడికి కట్టబెట్టారు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. పదేళ్ళ తర్వాత ఆ పెళ్ళి రద్దయితే మళ్ళీ (ఈసారి ఫ్రాన్సులో) మఠంలో చేరింది. ఈమెకు ఏ మాట వాడతారో చెప్పండి!

మాట పుట్టుక కోసం తవ్వితే ఇంకో సంగతి దొరికింది, ఇది మాత్రం ఈ గుంపులో పంచుకోకపోతే పాపం. నన్ అనేది లాటిన్ ‘నొన్నా’ నుంచి వచ్చింది, పెద్దావిడను పిలిచే పిలుపు, ఇప్పటికీ ఇటలీలో నొన్నా అంటే అమ్మమ్మో నానమ్మో. దాని మగరూపం ‘నొన్నుస్’. నియమావళి 63వ అధ్యాయంలో, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను నొన్నుస్ అని పిలవాలి, ఆ పిలుపులో తండ్రి మీద ఉండే గౌరవం ఉంది అని రాశాడు. నొన్నుస్... నాన్న!

మఠం పెద్దను పిలిచే ‘అబ్బట్’, ‘అబ్బెస్’ కూడా అరమాయిక్ భాషలో తండ్రి అనే అర్థమున్న ‘అబ్బా’ నుంచే. మనకూ అబ్బ అంటే తండ్రి.

గంటం పట్టినోడు:
ఇక రేపటికల్లా లాటిన్ తెలుగులోంచే పుట్టిందని వాట్సాప్‌లో తిరుగుతుంది చూడండి.

టెస్టునది ఒడ్డున:
దండం పెడతాను, అంత పని చేయకండి! పసిపిల్లల నోటికి ముందు వచ్చే శబ్దాలు అవే కాబట్టి ఎక్కడికక్కడ పుట్టే పోలిక ఇది, చుట్టరికం కాదు.

ఇటుక సున్నం:
నేను కట్టడాలు గీసుకునేవాణ్ణి, మాటల సంగతి మీకు వదిలేస్తా. కానీ ‘క్లోయిస్టర్’కి ఏం రాస్తున్నారు? మఠం కట్టడంలో ప్రాణం అంతా అక్కడే కదా. ఇంగ్లండు సంగతి తెలియనివాళ్ళకు చెప్తున్నా: ఉత్తరాన ఎత్తైన చర్చి, దాని దక్షిణపు గోడకు ఆనుకుని చదరంగా నాలుగు వైపులా స్తంభాల వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన పచ్చిక. తూర్పు వైపు కింద రోజూ కూడే గది, పైన పడకలు. చర్చికి ఎదురుగా దక్షిణాన భోజనశాల. పడమర సాధారణంగా కొట్లు, అతిథుల గదులు. అర్ధరాత్రి ప్రార్థనకు పడకల నుంచి సరాసరి చర్చిలోకి దిగడానికి మెట్లు కూడా పెట్టేవాళ్ళు చాలాచోట్ల. దక్షిణాన ఎందుకంటే ఎండ కోసం, చర్చి నీడ పడకుండా. అయితే ఆడవాళ్ళ మఠాల్లో కొన్నిచోట్ల దీన్ని తిరగేసి ఉత్తరాన కట్టారు. ఇదంతా చూస్తే నాకు గుర్తొచ్చేది ఒక్కటే మాట. మండువా.

టెస్టునది ఒడ్డున:
మండువా! అమ్మ పుట్టిల్లు మండువా లోగిలే అండీ, ఈ ఒక్క మాటతో ఆమెకు సగం మఠం కళ్ళకు కట్టేస్తుంది. లోపలికి వాలిన కప్పు, చుట్టూ స్తంభాలు, వాన పడితే మధ్యలోకి ధార. ఎంత చక్కగా కుదిరింది! రమ్జీలో దక్షిణానే ఉండేది, ఇప్పుడు ఆ వసారాలు లేవు. చర్చిలోంచి అందులోకి వెళ్ళే ద్వారం మాత్రం ఉంది, మెలితిరిగిన స్తంభాలతో. దాని పక్కనే బయటి గోడ మీద నార్మన్లకు (ఫ్రాన్సు వైపు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచినవాళ్ళు) ముందునాటి శిలువ శిల్పం, పైన మేఘంలోంచి కిందికి చాచిన దేవుడి చెయ్యి. వెయ్యేళ్ళ వాన దాన్ని నున్నగా చేసేసింది, అయినా కదిలి రాలేకపోయాను.

ఒక్క అనుమానం. క్లోయిస్టర్ మాట లాటిన్ ‘క్లౌస్ట్రుమ్’, అంటే గడియ, మూసిన చోటు. మండువాలో ఆ మూత లేదు, ఊళ్ళో పంచాయితీలు కూడా అక్కడే జరిగేవి.

గంటం పట్టినోడు:
మూతే కావాలంటే ఘోషా ఉంది. రాణివాసం ఉంది.

టెస్టునది ఒడ్డున:
ఘోషా అంటే ఒప్పుకోను మాస్టారూ! మూసేయాలని పైవాళ్ళు పట్టుబట్టిన మాట నిజమే. 1298లో ఎనిమిదో బోనిఫేస్ పోపు, ఏ నన్నూ మఠం దాటకూడదని ఆజ్ఞ పంపించాడు. లింకన్ బిషప్పు దాన్ని పట్టుకుని మార్క్యేట్ అనే చిన్న బెనెడిక్టీన్ ఆడమఠానికి వెళ్ళి చదివి వినిపించి వెనక్కి తిరిగితే, అమ్మలు ఆయన్ను బయటి గేటు దాకా తరుముకొచ్చి ఆ కాగితం ఆయన తలకేసి విసిరికొట్టారు, మేం చేరినప్పుడు ఒప్పుకున్నది ఇది కాదు అని. రమ్జీలోనూ తక్కువేం తినలేదు. 1387లో వించెస్టర్ బిషప్పు వైక్‌హాం విలియం, ప్రార్థనకు పక్షులనూ కుందేళ్ళనూ వేటకుక్కలనూ వెంటేసుకు రావడం ఆపండి, వాటి మీదే ధ్యాసగా ఉంటున్నారు అని చీవాట్లు పెట్టాల్సి వచ్చింది. ఘోషాలో కుక్కలతో షికార్లేమిటి చెప్పండి?

ఫిరంగిపురం పిల్ల:
😂 ఆ గేటు దాకా తరిమిన అమ్మగార్లు నాకు తెలిసిన వాళ్ళలాగే ఉన్నారు. అక్కా, ‘టేకింగ్ ద వెయిల్’ అనే మాట వస్తుంది కదా, దాన్ని ఎలా రాశారు?

టెస్టునది ఒడ్డున:
అక్కడ బోల్తా పడ్డాను. తొలి ప్రతిలో "ముసుగు వేసుకుంది" అని రాశా. చదివితే నాకే భయమేసింది, తెలుగులో ముసుగు వేసుకోవడం అంటే దొంగవేషం వేయడమే కదా! మేలిముసుగు అంటే పెళ్ళికూతురు వస్తుంది. చివరికి ‘దీక్ష పుచ్చుకుంది’ అని మార్చాను.

కానీ ఒక్కచోట ఆ ముసుగే కావాలి. స్కాట్లండు రాజు కూతురు ఈడిత్ చిన్నతనంలో తల్లి తోబుట్టువు క్రిస్టినా దగ్గర పెరిగింది, క్రిస్టినా రమ్జీలో నన్. నార్మన్ సైనికుల కళ్ళు పడకుండా ఆ పిల్ల తల మీద నల్లటి ముసుగు కప్పేది క్రిస్టినా. ఆవిడ అటు తిరగ్గానే ఈ పిల్ల దాన్ని లాగి నేలకేసి కొట్టి కాళ్ళతో తొక్కేదట, ఈడితే తర్వాత ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్‌తో చెప్పుకుంది. చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, 1100లో మొదటి హెన్రీ రాజు ఈమెను చేసుకుంటానన్నాడు, నన్‌కి పెళ్ళేమిటని జనం గోల. ముసుగు పడింది గానీ దీక్ష పడలేదు అని తేలాక పెళ్ళయింది, మటిల్డా రాణి అయింది. దీక్ష, ముసుగు రెండు మాటలూ ఉంటే తప్ప ఈ కథ తెలుగులో చెప్పలేం.

ఇటుక సున్నం:
పైనన్న కూడే గది, ‘చాప్టర్ హౌస్’, దాన్ని మర్చిపోకండి. రోజూ నియమావళిలో ఒక అధ్యాయం చదివేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ‘అధ్యాయ గృహం’ అంటే నిఘంటువులా ఉంది.

గంటం పట్టినోడు:
పారాయణశాల.

టెస్టునది ఒడ్డున:
చదవడం ఒక్కటే కాదు మాస్టారూ, తప్పులు ఒప్పుకోవడం, శిక్షలు, ఆస్తి లెక్కలు అన్నీ అక్కడే. అయినా పారాయణశాల వినడానికి ఎంత హాయిగా ఉందో, పెట్టేసుకుంటున్నా.

ఇక ముగింపు భాగం కూడా రాసేశాను. ఇప్పుడు కనిపించే నార్మన్ చర్చి పని 1120 ప్రాంతంలో మొదలైంది, పడమటి కొస పూర్తయ్యేసరికి 13వ శతాబ్దం. 1333లో తొంభై మందికి పైగా ఉన్న అమ్మలు, 1349 ప్లేగు మహమ్మారి దెబ్బ తర్వాత మళ్ళీ ఆ సంఖ్యకు ఎన్నడూ చేరలేదు, ఇరవైకి అటూ ఇటూగా మిగిలారు. 1539కల్లా ఎనిమిదో హెన్రీ మఠాన్ని రద్దు చేశాడు. చర్చి ఎందుకు మిగిలిందంటే దాని ఉత్తరపు పక్క భాగంలో ఊరివాళ్ళ ప్రార్థనలు ముందునుంచీ జరిగేవి, అందుకని 1544లో ఊరివాళ్ళే 100 పౌండ్లకు మొత్తం కొనేసుకున్నారు. ఆ క్రయపత్రం ఇప్పటికీ చర్చిలో భద్రంగా ఉంది. అమ్మ మాత్రం అక్కడ మౌంట్‌బాటెన్ సమాధి చూసి ఆగిపోయింది, "ఈయన ఇక్కడున్నాడా" అని. 1979లో చంపేశాక ఇక్కడే పూడ్చారు, ఆయన ఇల్లు ఈ ఊరి పక్కనే.

ఇటుక సున్నం:
మీ అమ్మగారి ప్రశ్న మరీ తీసిపారేసేది కాదండోయ్. కేంబ్రిడ్జిలో సెయింట్ రాడెగుండ్ అని బెనెడిక్టీన్ ఆడమఠం ఉండేది. ఇద్దరే అమ్మలు మిగిలితే 1496లో ఈలీ బిషప్పు జాన్ ఆల్కాక్ దాన్ని మూసి అక్కడే జీసస్ కాలేజీ పెట్టాడు. వాళ్ళ చర్చి కాస్త కురచయి కాలేజీ చాపెల్ అయింది, వాళ్ళ పారాయణశాల తోరణాలు ఇప్పటికీ చూడొచ్చు. వాళ్ళ మండువా చర్చికి ఉత్తరానే ఉంది. కాన్వెంటు బడి కావడం మన దగ్గర మొదలైన ముచ్చటేం కాదు.

ఫిరంగిపురం పిల్ల:
ఇంతకీ ఏ మాట ఖాయం చేశారక్కా?

టెస్టునది ఒడ్డున:
మఠవాసిని. ఉండటమే వాళ్ళ వ్రతం కాబట్టి ‘వాసిని’లో అది వచ్చేస్తుంది, నీ మఠం కూడా పోలేదు. నిన్న రాత్రి అమ్మకు ఫోనులో చదివి వినిపించా. మండువా దగ్గర ఆగమంది, మళ్ళీ చదివించుకుంది. అంతా అయ్యాక, "మఠవాసిని ఏమిటే, హరికథలో లాగా? మా చిన్నప్పుడు అమ్మగార్ల మఠం అనేవాళ్ళం, మందు కావాలంటే అక్కడికే వెళ్ళేవాళ్ళం. అలాగే రాయి" అంది.

నాలుగు పేజీలూ మళ్ళీ దిద్దుతున్నాను.