పైథాన్ ప్రాజెక్టులో టెస్టు ఫైళ్లను ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న:
మా బిల్లింగ్ ప్రాజెక్టులో ప్రతి మాడ్యూలు పక్కనే దాని టెస్టు ఫైలును ఉంచుతున్నాము. మొన్న ప్యాకేజీ తయారు చేసినప్పుడు ఆ టెస్టులూ, వాటితో పాటు నమూనా ఇన్‌వాయిసులూ కస్టమరుకు వెళ్లిపోయాయి. అన్నిటినీ వేరే ఫోల్డరులోకి మార్చడం మంచిదేనా అండీ?

జవాబు 1:
తప్పకుండా మార్చండి. కోడును 'ఎస్‌ఆర్‌సీ' ఫోల్డరులోనూ, టెస్టులను దాని బయట 'టెస్ట్స్' ఫోల్డరులోనూ ఉంచి, ప్యాకేజీని మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన తరువాతే టెస్టులు నడిపితే, ప్యాకేజీలో చేరాల్సిన ఫైలు ఏదైనా తప్పిపోయినప్పుడు ఆ లోపం కస్టమరు దాకా వెళ్లకుండా మీ దగ్గరే బయటపడుతుంది. నా దృష్టిలో అసలు లాభం ఇదే. నమూనా ఇన్‌వాయిసులను కూడా 'టెస్ట్స్' లోపలే పెట్టండి. వాటిలో నిజమైన కస్టమర్ల వివరాలు ఉంటే ముందు తొలగించండి.

జవాబు 2:
ఒక జాగ్రత్త చెప్పాలి. 'ఆర్డర్స్', 'పేమెంట్స్' అనే రెండు ఉపఫోల్డర్లలోనూ ఒకే పేరుతో టెస్టు ఫైళ్లుండి, ఆ ఫోల్డర్లలో ఇనిట్ ఫైలు (ఫోల్డరును ప్యాకేజీగా గుర్తించేలా చేసే '__init__.py') లేకపోతే, టెస్టులు నడిపే పైటెస్ట్ అనే టూలు తన డిఫాల్టు పద్ధతిలో రెండింటినీ ఒకే మాడ్యూలుగా భావించి ఎర్రరు ఇస్తుంది. పైటెస్ట్‌లోనే ఉన్న 'ఇంపోర్ట్‌లిబ్' అనే ఇంపోర్టు మోడ్ ఎంచుకుంటే ఆ చిక్కు ఉండదు.

జవాబు 3:
పక్కన ఉంచడమే తప్పని మాత్రం అనుకోవద్దు. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో అదే ఆనవాయితీ. పేరు చివర '_టెస్ట్' ఉన్న ఫైళ్లను అక్కడ బిల్డు తనంతట తానే వదిలేస్తుంది.